బూడిదరంగు లేపనము

ఈ సంచికకు విజ్ఞానవిషయమై యేదైన వ్రాయుమని సంపాదకులు కోరిరి. నేనెఱిగిన విజ్ఞానములో నా తప్పుతో కలిసియున్న భాగమే నాకు బాగుగా జ్ఞాపకమున్నది గనుక దానినే వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరపు వేసవి సెలవులలో మన కంప్యూటరు గదిని శుభ్రపఱచు పని నేనే పైన వేసికొంటిని. దుమ్ము కనబడిన తుడువక నిలువలేని స్వభావము నాది. ఒక యంత్రపు మూత తెఱచి, ఫ్యానును, దాని క్రింది లోహపు దిమ్మను ఊడదీయగా, ప్రాసెసరుపై బూడిదరంగు జిడ్డు వంటి పదార్థమొకటి అంటియుండెను. ఏండ్ల తరబడి చేరిన మురికియని తలచి, అద్దమువలె మెఱయువఱకు తుడిచి, దిమ్మను తిరిగి బిగించితిని. ఆ దినమున మిక్కిలి సంతోషించితిని కూడ.

జూనులో బడి తెఱచినది మొదలు ఆ యంత్రము కొలది నిమిషములకే ఆగిపోవుచుండెను. దానియొద్ద కూర్చుండు పదవ తరగతి బాలుని పలుమారు గద్దించితిని. "నేనేమియు చేయలేదు, మాస్టారూ" అని వాడనెను. నేను నమ్మక, వాని నొక వారము ఆ గదిలోనికి రానీయనైతిని.

పిమ్మట పట్టణమునుండి వచ్చిన మరమ్మతు పనివాడు దిమ్మను తీసి చూచి, "మాస్టారూ, దీనిమీది పేస్టు ఏమైనది?" అని యడిగెను. నాకు నోట మాట రాలేదు.

ఉష్ణవాహకత్వమును ఏటేట బోధించువాడను నేను! కంటికెంత నునుపుగా నున్నను లోహపు తలములందు సూక్ష్మమైన మిట్టపల్లములుండును. రెండు తలములను చేర్చినపుడు మిట్టలు మాత్రమే తాకును. పల్లములలో గాలి నిలుచును. రాగి గాలికన్న ఇంచుమించు 15,000 రెట్లు అధికముగా ఉష్ణమును ప్రసరింపజేయును. థెర్మల్ పేస్టు రాగికి సాటి రాదు. అయినను మంచి పేస్టు గాలికన్న నూఱు రెట్లకు మించినది. పల్లములలోని గాలిని వెడలగొట్టి ఆ చోటు నాక్రమించుటయే దాని పని. నేను మురికియని తుడిచినది దానినే. వేడి పోవు త్రోవ లేక ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు ఆగిపోవుచుండెను.

బాలుని పిలిపించి, పనివాని యెదుటనే, తప్పు నాదని చెప్పి క్షమింపుమంటిని. మఱునాడు తరగతిలోను చెప్పితిని. వాడు తల వంచుకొని, "పరవాలేదండి. పేస్టు నేను వేయవచ్చునా?" అనెను.

పనివాడు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన, నూగు రాలని గుడ్డతో రెండు తలములను తుడిచి ఆరనిచ్చెను. బాలుడు గొట్టము నొక్కి ప్రాసెసరు నడుమ కందిగింజంత పేస్టు నుంచెను. రొట్టెకు వెన్న పూసినట్లు మఱికొంత వేయుమని నేనంటిని. వద్దని పనివాడు వారించెను. పొర మందమైనచో అదియే వేడికి అడ్డగునట. దిమ్మ యొత్తిడికి అది తనంతట పలుచగా పరచుకొనును. ఒక మూలను బిగించిన పిదప దాని కెదురు మూలను బిగింపవలెనని వానికి చూపెను. లేనిచో దిమ్మ ఒకవైపునకు ఒరుగును.

మునుపు కొలది నిమిషములలో 98 డిగ్రీలు చూపిన యంత్రము ఆ సాయంకాలము 45 దాటలేదు. బాలుడు బడి గంట మ్రోగినను లేవక, తెరమీది యా యంకెనే చూచుచు కూర్చుండెను. వానిని లెమ్మని చెప్పుటకు నాకు మనసొప్పలేదు.