బావి అడుగు చూపిన యంత్రాలు

మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదునుకు వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మా వైపు పాత సేద్యం ముచ్చట్లన్నీ చివరికి బావి గట్టుకే చేరతాయి. మడక, గొర్రు, గుంటక అంటూ మొదలుపెట్టిన పెద్దాయన కూడా కాసేపటికి కపిల దగ్గరికే వస్తాడు.

కపిలను నేను దాని చివరి రోజుల్లో చూశాను. ఇనుప బాన, దాని అడుగున తోలు తొండం. బానకు లావుపాటి మోకు, తొండం మూతికి సన్నతాడు. ఎద్దులు వాలుబాటలో దిగుతుంటే బాన పైకి వచ్చేది. తోలే మనిషి మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలిపేవాడు. బాన గట్టుకు రాగానే సన్నతాడు తొండాన్ని తొట్టి వైపు లాగేది, నీళ్లు భళ్లున దూకేవి. బాన ఒంచడానికి గట్టున వేరే మనిషి అక్కర్లేదు. ఆ యంత్రం తెలివంతా రెండు తాళ్ల పొడవులోనే ఉంది. కపిల తోలడం సుఖమైన పనేం కాదు. తెల్లారకముందే ఎద్దులు కట్టి, పొద్దెక్కేదాకా అదే బాటలో దిగుతూ ఎక్కుతూ ఉండాలి. ఆ కష్టంలో ఎక్కువ పాలు జీతగాళ్లదే.

ఆ తర్వాత ఆయిలింజను వచ్చింది. ఇంగ్లండులోని డర్స్లీ ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన ఇంజను నమూనానే గుజరాత్‌లోని రాజ్‌కోట్ కార్ఖానాలు తరవాత లెక్కలేనన్ని పోతపోశాయి. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పేరు తెలియని రైతు మా వైపు ఉండేవాడు కాదు. ఆ లిస్టర్ నమూనాది ఆరు గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు, రెండు పక్కలా బరువైన చక్రాలు. రెండు చుట్లకొకసారి మండుతుంది కాబట్టి, సెకనుకు అయిదారు దెబ్బలు. ఆ చప్పుడు విని, ఎవరి తోటలో ఇంజను ఆడుతోందో ఇంట్లోంచే చెప్పేవాళ్లు.

దాన్ని లేపడమూ ఒక విద్యే. ముందు పంపులో బిందెలతో నీళ్లు పోయాలి. అడుగు వాల్వు కారుతుంటే ఆ నీళ్లలో ఇంత పేడ కలిపేవాళ్లు. అది సందుల్లో చేరి కారడం ఆపేది. ఆ తర్వాత లివరు ఎత్తి, హ్యాండిల్ వేసి తిప్పి తిప్పి, చక్రం ఊపందుకోగానే లివరు వదలాలి. నల్లటి పొగ గుప్పున వచ్చి ఇంజను అందుకునేది. హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అందుకే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నాజిలు ఊడదీయడం, రింగులు మార్చడం, వాల్వులు రుద్దడం ఊళ్లోనే జరిగిపోయేవి. బడి ముఖం చూడనివాళ్లు కూడా ఆ ఇంజను కడుపులో ఏముందో చూపించి చెప్పగలిగేవాళ్లు.

ఆ ఇంజనుకు ఒక హద్దుంది. పైనుంచి పీల్చే పంపు ఏదైనా గాలి ఒత్తిడి మీదే ఆధారపడాలి. లెక్క ప్రకారం 34 అడుగులు, పొలంలో మాత్రం 25 అడుగులు దాటితే కష్టమే. అందుకని నీళ్లు దిగేకొద్దీ ఇంజనునూ కిందికి దించాలి. బావి లోపల రాతిలో గద్దె కొట్టి, పదిమంది మోకులు పట్టి దాన్ని దించుతుంటే ఊరంతా చూసేది. ఆ ఏడు నీళ్లు ఎంత దిగాయో ఎవరూ చెప్పక్కర్లేదు. "మామా, ఎన్ని మట్ల నీళ్లుండాయి?" అన్న పలకరింపు రెండు పొలాల రైతుల మధ్య రోజూ నడిచేది. కపిల రోజుల్లోనూ అంతే. బాన సగమే నిండి వచ్చిందంటే, ఆ సాయంత్రమే ఏ మడికి నీళ్లు ఆపాలో తేల్చుకునేవాళ్లు.

తర్వాత బోర్లు వచ్చాయి, నీళ్లలో మునిగి పనిచేసే మోటార్లు వచ్చాయి. 2004లో సేద్యానికి ఉచిత కరెంటూ వచ్చింది. రైతు ఒంటి కష్టం తగ్గింది, అది మంచిదే. ఎద్దుల వెనక మళ్లీ నడవమని నేనెవరినీ అడగను. కానీ ఆరంగుళాల బోరు గొట్టంలోకి తొంగిచూస్తే నీళ్లు కనబడవు. మోటారు గాలి కక్కేదాకా అడుగంటిందని తెలియదు. తెలిసేసరికి పక్కన ఇంకో బోరు, ఇంకో అప్పు. 2002లో నీరు, భూమి, చెట్ల కోసం చట్టం చేసుకున్నాం. కళ్లకు కనబడని నీటిని చట్టం ఒక్కటే కాపాడలేదు.

పాత యంత్రాల మీద నాకున్న గౌరవం ఇందుకే. అవి నీళ్లు తోడుతూనే, ఎంత మిగిలిందో రైతుకు చూపించాయి. తమ శక్తికి మించి భూమిని అడగలేదు.

మీ ఊళ్లో పాత బావి ఉంటే పూడ్చకండి, అందులో నెలకోసారి నీటి మట్టం కొలిచి బడి గోడ మీద రాయించండి. తుప్పు పట్టిన ఇంజను కనబడితే తూకానికి అమ్మకముందు, దాన్ని నడిపిన చేతులున్న మనిషిని వెతికి, పిల్లల ముందు ఒక్కసారి లేపించండి.