బెయిర్న్స్‌డేల్‌లో ఆగిన బండి

క్లైడ్ నార్త్‌లో బయల్దేరేటప్పుడు మా లెక్క సులువు. ప్రిన్సెస్ హైవే మీద శనివారం రాత్రికి మల్లకూటా, సోమవారానికి ఇల్లు. లేబర్ డే సెలవు కలిసొచ్చింది. పాపను అత్తయ్య దగ్గర వదిలి మావారి వెనక బైకెక్కాను.

స్ట్రాట్‌ఫర్డ్ దాటాక ఇండికేటర్ మందగించింది. "ఏం కాదులే" అన్నారాయన. పది నిమిషాల్లో బండి ఆగిపోయింది. టోయింగ్ ట్రక్కు వచ్చేసరికి రెండు గంటలు.

బెయిర్న్స్‌డేల్ మెకానిక్ వేరే బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేసి, మీటరు పెట్టాడు. ఇంజను తిరుగుతుంటే 14 వోల్టుల దాకా చూపించాలి, 12 దాటలేదు. రెక్టిఫైయర్ పోయింది. పార్టు మెల్‌బోర్న్ నుంచి రావాలి, సోమవారం సెలవు, బుధవారం దాకా ఆశ వద్దన్నాడు.

ఫోన్లో పాప "రేపొస్తావా అమ్మా?" అంది. అత్తయ్యకు కారు నడపడం రాదు, మంగళవారం బడి. "బండిని వదిలి ఎలా రాను?" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది.

ఆదివారం ఒక్కదాన్నే సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లాను. పైకప్పంతా దేవదూతలే. 1930ల ఆర్థిక మాంద్యంలో పని దొరకని ఇటలీ వలస చిత్రకారుడు ఫ్లోరియాని వేసినవట. మెడ నొప్పెట్టేదాకా చూశాను, కోపం దిగింది.

"మీరుండండి, నేను రైల్లో వెళ్తాను" అన్నాను. ఆ లైనుకు బెయిర్న్స్‌డేలే ఆఖరి స్టేషన్. ఇంకో గంట ముందుకెళ్లి ఆగుంటే ఆ దారీ లేదు.

గురువారం బండి ఇల్లు చేరింది. ఇప్పుడు బయల్దేరే ముందు రెండే అడుగుతాను: టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల దాకా? మధ్యలో ఆగితే నేను ఇంటికెలా చేరాలి?

మల్లకూటా ఇంకా చూడలేదు.