అప్పు తీరినా ఆగని వాయిదా

విదేశాల్లో ఫ్లాటు కొనేవాళ్లు ధర చూసుకుంటారు, బ్యాంకు వడ్డీ చూసుకుంటారు. ఆఖర్న కనిపించే మరో అంకె దగ్గర మాత్రం ఉలిక్కిపడతారు. ఇల్లు సొంతమయ్యాక కూడా నెలనెలా కట్టాల్సిన ఫీజు అది! బ్యాంకు అప్పు ముప్ఫయ్యేళ్లకైనా తీరుతుంది. ఇది మాత్రం ఆ ఫ్లాటు మన పేరిట ఉన్నన్నాళ్లూ వెంట వస్తూనే ఉంటుంది.

అరకులో పంతులుగా పనిచేసి రిటైరైన ఓ పెద్దాయనకు ఈ సంగతి కొడుకు చెబితేగానీ తెలియలేదు. కుర్రాడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో రెండు ఫ్లాట్లు చూశాడు. ధర దాదాపు ఒకటే. ఒకదానికి అసోసియేషన్ ఫీజు నెలకు 700 డాలర్లు, రెండోదానికి 350. సహజంగానే మనసు రెండోదానివైపు లాగింది.

"సొంతిల్లంటావు... మళ్లీ ఈ అద్దేటిరా?" అన్నాడు తండ్రి.

ఆ ఆశ్చర్యంలో తప్పేం లేదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. అంతస్తులు కట్టి అమ్మే వ్యాపారానికి అక్కడ చోటు తక్కువ. ఆయన ఇల్లు తాతల నాటి జాగాలోనిది. వానాకాలం పెంకు జారితే నిచ్చెన వేసుకుని తనే సర్దుకుంటాడు. మరి ఇరవై అంతస్తుల భవనం పైకప్పు కారితే నిచ్చెన ఎవరు వేయాలి? ఆ నిచ్చెన ఖర్చే ఈ ఫీజు.

లిఫ్టు, కారిడార్లు, నీటి పైపులు, కాపలా, చెత్త, శీతాకాలంలో మంచు తోడటం, భవనానికి బీమా... అన్నీ అందులోంచే. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఫ్లాటున్నవాళ్లకు ఇది 'మెయింటెనెన్స్'. దుబాయ్‌లో సర్వీస్ చార్జీ అంటారు. చదరపు అడుగుకు ఏడాదికింత అని లెక్క. ఆస్ట్రేలియాలో దీని పేరు స్ట్రాటా. పేరేదైనా ఇందులో రెండు వాటాలుంటాయి. ఒకటి రోజువారీ ఖర్చులకు. రెండోది ఎప్పుడో వచ్చిపడే పెద్ద మరమ్మతుల కోసం దాచే నిధి. మన దగ్గర కార్పస్ ఫండ్, అమెరికాలో రిజర్వ్ ఫండ్.

పెద్దాయన రెండో ప్రశ్న సరిగ్గా అక్కడే తగిలింది. "సగం ఫీజుతో ఎలా నెట్టుకొస్తన్నార్రా? రేపటికేమైనా దాస్తన్నారా?"

కొడుకు ఆ భవనం బడ్జెట్, అసోసియేషన్ సమావేశాల మినిట్స్ తెప్పించుకుని చదివాడు. నిధి దాదాపు ఖాళీ! పైకప్పు మార్చాలన్న మాట మూడేళ్లుగా వాయిదా పడుతోంది. డబ్బు చాలనప్పుడు ఫ్లాట్లవాళ్లందరి మీదా అదనపు మొత్తం వేస్తారు. 'స్పెషల్ అసెస్‌మెంట్' అంటే అదే. ఒక్కొక్కరికి వేల డాలర్లు పడొచ్చు.

ఇలా నాన్చుతుండగానే ఘోరం జరిగిపోయిన ఉదంతమూ ఉంది. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనం కూలి 98 మంది చనిపోయారు. కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఇంజినీరు నివేదిక వచ్చింది. సుమారు కోటిన్నర డాలర్ల మరమ్మతుల భారం గురించి వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ఫ్లోరిడా 2022లో, న్యూజెర్సీ 2024లో భవనాల తనిఖీ, రిజర్వ్ నిధులపై చట్టాలు తెచ్చాయి.

వీసా మీద ఉన్నవాళ్లకు మరో చిక్కు. ఉద్యోగం పోయి స్వదేశానికి తిరిగొచ్చినా ఫీజు ఆగదు. అద్దెకిద్దామంటే కొన్ని అసోసియేషన్ల నిబంధనలు ఒప్పుకోవు. బకాయి పెరిగితే ఫ్లాటుకే ఎసరు. అప్పిచ్చే బ్యాంకు కూడా ఈ ఫీజును కలుపుకొనే మన స్తోమతు లెక్కేస్తుంది.

ఆ కుర్రాడు చివరికి ఎక్కువ ఫీజున్న భవనంలోనే, ఒక గది తగ్గించుకుని చిన్న ఫ్లాటు తీసుకున్నాడు. పిల్లలు విదేశాల్లో ఇల్లు చూస్తున్నామని చెప్పినప్పుడు ఇక్కడి పెద్దలు ఫీజెంతని అడిగి ఊరుకోకూడదు. నిధిలో ఎంతుంది, పెద్ద మరమ్మతు ఎప్పుడుంది, అద్దెకివ్వనిస్తారా... ఈ మూడూ అడిగితే చాలు. అందుకు అమెరికా చూసి ఉండక్కర్లేదు, సొంతిల్లు నిలబెట్టుకున్న అనుభవముంటే సరిపోతుంది.