అప్పగింత పత్రం



‘అనుమతి’ అన్న మాటను ముప్పై యేళ్ళకు పైగా తరగతిలో బోధించాను. ‘మతి’కి ‘అను’ అనే ఉపసర్గ చేరితే అనుమతి. ఒకరి కార్యాన్ని మరొకరి మనస్సు అనుసరించి రావడం. దానికి రెండు సంతకాలూ, ఒక నోటరీ ముద్రా ఉంటాయని మాత్రం ఉద్యోగ విరమణానంతరమే చూశాను.

గత వేసవిలో తొమ్మిదేళ్ళ మా దౌహిత్రిని డాలస్ నుండి హైదరాబాదుకు నేనొక్కణ్ణే తీసుకొని రావలసి వచ్చింది. అమ్మాయికీ అల్లుడికీ సెలవు దొరకలేదు. నెల ముందే అమ్మాయి ఒక సంచి సిద్ధం చేసింది. పాప అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, జనన ధ్రువపత్రం నకలు, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల నకళ్ళు, అన్నిటికీ పైన ఒక ఉత్తరం. పాప పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, వెంట వెళ్ళే మనిషి ఏమవుతాడు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఎక్కడ బస, ఫోను నంబర్లు, అవసరమైతే వైద్యం చేయించే అధికారం ఎవరిది... అన్నీ అందులో ఉన్నవి. దంపతులిద్దరూ నోటరీ ఎదుట సంతకాలు చేశారు.

“సొంత తాతకు కూడా చీటీ కావాలా అమ్మా?” అన్నాను.

“చట్టం తప్పనిసరి చేయలేదు నాన్నా. కాని దగ్గర ఉంచుకొమ్మని ఇక్కడి సరిహద్దు అధికారులే గట్టిగా చెబుతారు. మీ ఇంటిపేరు వేరు, దాని ఇంటిపేరు వేరు. మీరు తాతయ్య అని పాస్‌పోర్టులో ఎక్కడుంది?” అన్నది.

నిజమే. మాతామహుడనీ పితామహుడనీ మన భాష వేరుచేసి చెబుతుంది. పాస్‌పోర్టుకు వావివరసలు తెలియవు.

ఈ పట్టింపు ఊరికే పుట్టలేదు. విడిపోయిన దంపతులలో ఒకరు రెండవవారికి చెప్పకుండా బిడ్డను దేశం దాటించిన ఉదంతాలు ఎన్నో. అట్టి బిడ్డలను తిరిగి చేర్చడానికే 1980లో హేగ్ ఒప్పందం ఏర్పడింది. భారతదేశం అందులో చేరలేదు. అమెరికాలో పదహారేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టుకు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడగడం కూడా ఈ భయంతోనే.

మన దేశంలో ఎవరి సంతకం చెల్లుతుందన్న ప్రశ్న ఒకప్పుడు ఒక చిన్న మాట మీద నిలిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడు తండ్రి, ‘అతని తరువాత’ తల్లి అన్నది. రచయిత్రి గీతా హరిహరన్ తన కుమారుని పేర బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. దంపతులు సుప్రీంకోర్టుకెక్కారు. ‘తరువాత’ అంటే మరణానంతరం అని మాత్రమే కాదు, ‘తండ్రి లేనప్పుడు’ అని 1999లో న్యాయస్థానం అర్థం చెప్పింది. బిడ్డను పట్టించుకోని తండ్రి ఉన్నా లేనట్లే. ఒక్క పదానికి చేసిన వ్యాఖ్యానం ఎందరు తల్లుల చేతికి కలమిచ్చిందో! వ్యాకరణం అన్నం పెడుతుందా అని నన్ను ఆటపట్టించిన శిష్యులు ఈ తీర్పు చదవాలి.

మా చిన్నతనంలో బస్సు కండక్టరుతో “మా వాణ్ణి అమ్మమ్మగారి ఊళ్ళో దింపు నాయనా” అంటే చాలు. అదీ అప్పగింతే, నోటిమాటగా సాగేది. దూరం పెరిగి, మధ్యనున్నవారు అపరిచితులైనప్పుడు ఆ మాట కాగితం మీదికెక్కింది.

విమానంలో పాప నిద్రపోయాక ఆ ఉత్తరం మరొకసారి తీసి చదివాను. పలక మీద నేను దిద్దించిన చేతి వ్రాత అది. ఇప్పుడు ఆ చేయి నన్ను నమ్మి తన బిడ్డను అప్పగిస్తూ సంతకం చేసింది. అడిగినవారు అడగనీ, మానినవారు మాననీ, అట్టి కాగితం వెంట ఉండవలసినదే.