నా జ్ఞానస్నానం చెల్లుద్దా, పెద్దమ్మా?

రండి, పీట లాక్కుని దగ్గరికి కూర్చోండి. సంక్రాంతి ముందు చలి, అందులోనూ అడవి అంచు ఊరు. సింగరేణి వాళ్లం కాబట్టి కుంపట్లోకి బొగ్గుకు మాత్రం కొదవ లేదు. నిప్పులు ఎర్రబడేదాకా వాకిట్లోనే కూర్చుందాం. మీతో మాట్లాడాల్సిన కబురు ఒకటుంది, చాలా రోజులుగా మనసులో పెట్టుకున్నాను.

మొన్న క్రిస్మస్‌కి గుడిలో పశువుల పాక కడుతున్నారు. వెదురు బద్దలు, వరిగడ్డి, రంగు బల్బుల తీగలు, ఆ హడావుడి మీకు తెలిసిందే. గడ్డి పరుస్తున్న కుర్రాడొకడు తల ఎత్తకుండా అడిగాడు: "పెద్దమ్మా, నా జ్ఞానస్నానం ఇంకా చెల్లుద్దా?" వాడికి ఆడపిల్లల మీద మనసు పోదు, మగవాళ్ల మీదే పోతుంది. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు, ఇంట్లో చెప్పలేదు. పాటల బృందంలో వాడి గొంతు అందరికంటే పైకి వినిపిస్తుంది. దివ్య సత్ప్రసాదం వేళకు మాత్రం వెనక స్తంభం పక్కకు వెళ్లి నిలబడతాడు.

"చెల్లుద్ది నాయనా. చచ్చేదాకా చెల్లుద్ది, చచ్చాక కూడా చెల్లుద్ది" అన్నాను. వాణ్ణి ఊరడించడానికి అన్న మాట కాదది, మన మతం చెప్పేదే అది.

ఫాదర్ గారి గదిలో బీరువాలో ఉండే జ్ఞానస్నానాల పుస్తకం చూశారా ఎప్పుడైనా? పెళ్లికి కాగితం కావాలని వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, స్నానమిచ్చిన గురువు పేరు వరసగా ఉంటాయి. భద్రమైన అభ్యంగనం, పెళ్లి, గురుపట్టం వంటివి జరిగితే వాటినీ ఆ పేరు దగ్గరే రాస్తారు. రాయడమే తప్ప కొట్టేయడం లేదు. ఎవరైనా "నేను ఈ మతంలో ఉండను" అని రాసిచ్చినా ఆ మాట కూడా పక్కన రాస్తారు గానీ పేరు చెరపరు. జ్ఞానస్నానం ఆత్మ మీద చెరగని ముద్ర వేస్తుందని, అది ఒక్కసారే ఇచ్చేదని శ్రీసభ నేర్పుతుంది. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే అధికారం బిషప్ గారికి లేదు, పోపుగారికీ లేదు. అలాంటప్పుడు పక్కింటి ఆంటీకి ఎక్కడిది?

ఇప్పుడు కష్టమైన మాటకు వస్తాను. దాచి మాట్లాడితే ఆ కుర్రాడికి అన్యాయం చేసినట్టే. 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథంలో ఈ విషయం మీద మూడు పేరాలున్నాయి, 2357 నుంచి 2359 దాకా. మొదటి పేరాలో ఉన్న మాటలు చదివి ఎంతమంది పిల్లలు గుడికి రావడం మానేశారో. స్వలింగ సంబంధాన్ని శ్రీసభ ఆమోదించదు, ఆ బోధ ఇవాళ్టికీ మారలేదు. కానీ ఆ వెంటనే వచ్చే 2358వ పేరాను మన ఊళ్లలో ఎవరూ చదివి వినిపించరు. ఇలాంటివాళ్లను గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ చూపకూడదని అందులో ఉంది. మొదటి పేరా ఎంత అధికారికమో రెండోదీ అంతే అధికారికం. ఒకటి ఎత్తిచూపి రెండోది దాస్తే దాన్ని విశ్వాసం అనడానికి నాకు నోరు రాదు.

ఫ్రాన్సిస్ పోపుగారు ఆ రెండో పేరాను చేతల్లో చూపించారు. 2013లో బ్రెజిల్ నుంచి తిరిగొస్తూ విమానంలో, దేవుణ్ణి వెతికే మనిషికి తీర్పు చెప్పడానికి తానెవరినని అడిగారు. 2023 జనవరిలో, స్వలింగ ప్రేమ నేరం కాదని, నేరమనే చట్టాలు అన్యాయమని అన్నారు. అదే ఏడాది అక్టోబరు 31న వాటికన్ విశ్వాస విభాగం ఇచ్చిన జవాబు మన విచారణల్లో అందరికీ తెలియాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి అందరిలాగే జ్ఞానస్నానం ఇవ్వవచ్చు, కొన్ని షరతుల మీద జ్ఞానతల్లిగానో జ్ఞానతండ్రిగానో నిలబెట్టవచ్చు, పెళ్లికి సాక్షిగా ఉండవచ్చు. డిసెంబరు 18న ఇంకో పత్రం వచ్చింది. కలిసి బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో వచ్చి దీవెన అడిగితే గురువు దీవించవచ్చు. అది పెళ్లి కాదు, పెళ్లి తంతులా కనిపించనూ కూడదు. ఇంతేనా అంటారా? స్తంభం పక్కన నిలబడ్డవాడికి ఇది చిన్న సంగతి కాదండీ.

పత్రాల కంటే నన్ను కదిలించింది రోము పక్కన సముద్రపు ఒడ్డున ఉన్న తోర్వయానికా అనే ఊరి కథ. 2020లో కరోనా తాళాలు పడ్డప్పుడు అక్కడి ట్రాన్స్ మహిళలకు పూట గడవక విచారణ గురువు ఆంద్రేయా కొనోక్యా గారి తలుపు తట్టారు. చాలామంది లాటిన్ అమెరికా నుంచి వచ్చి, ఒళ్లమ్ముకుని బతుకుతున్నవాళ్లు. ఆయన ఏమీ విచారించకుండా తిండి పెట్టారు, పోపుగారి దానధర్మాలు చూసే కార్డినల్‌కు కబురు పంపారు. పోపుగారు వాళ్లను కలిశారు. 2023 నవంబరులో పేదల దినం నాడు వాటికన్‌లో పెట్టిన విందులో వాళ్లూ కూర్చుని తిన్నారు. 2025 ఏప్రిల్ 26న ఆయన భౌతికకాయాన్ని మరియమాత మహాదేవాలయానికి తెచ్చినప్పుడు, మెట్ల మీద తెల్ల గులాబీలు పట్టుకుని ఎదురొచ్చిన పేదల్లో ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు. ఆయన వాళ్లను చేరదీసినందుకు, వాళ్లు ఆయన్ను సాగనంపడానికి వచ్చారు.

ఇదంతా రోము సంగతి, మన దగ్గరేముంది అంటారేమో. ఉంది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిన ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్. రెండో ఆమెది మన ఖమ్మమే. నిజాం కాలం నుంచి హిజ్రాల మెడ మీద వేలాడిన చట్టాన్ని, అంటే వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించి, వారంటు లేకుండా పట్టుకెళ్లే చట్టాన్ని, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఆ కేసు వేసినవాళ్లలో వైజయంతి వసంత మొగ్లి గారున్నారు. స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377వ సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న పీకేసింది. 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ కేసులో ముందు పేరు హైదరాబాదులో ఉండే జంటదే. కేరళలో, 2016 చివర్లో, కార్మెల్ మాత సిస్టర్లు కొచ్చిలో తమ భవనాన్ని ట్రాన్స్‌జెండర్ల బడికి ఇచ్చారు. మన పక్కనే జరిగిన ఈ పని గురించి ఇక్కడ ఒక్క ప్రసంగంలో కూడా నేను వినలేదు.

ఇంకొక మాట చెప్పనివ్వండి, ఇది మన కడుపులో ఉన్న మాట. 2022 ఆగస్టులో మన పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లోనూ మొదటివారు. ఆ రోజు మా గుడిలో ఏడ్చినవాళ్లున్నారు. ఎందుకు ఏడ్చారు? మన తాతముత్తాతల్లో చాలామంది ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులు. బావిలో చేద వేయనివ్వని మనుషులు. జ్ఞానస్నానపు నీళ్లు తల మీద పడ్డ రోజున మొదటిసారి ఎవరో వాళ్లను పేరుపెట్టి పిలిచారు. గడప బయట నిలబడటం ఎట్లుంటదో తెలిసిన మనం, మన కడుపున పుట్టిన పిల్లల్ని స్తంభం చాటున నిలబెడితే ఆ తాతముత్తాతలకు ఏం జవాబు చెప్తాం?

ఫ్రాన్సిస్ పోపుగారి తర్వాత లియో పోపుగారు వచ్చాక ఆయన తెరిచిన తలుపు మూసుకుంటుందని కొందరు భయపడ్డారు. బోధ ఇప్పట్లో మారదని ఆయన నిజాయితీగానే చెప్పారు, అందరికీ చోటుందనీ చెప్పారు. 2025 సెప్టెంబరులో, జూబిలీ ఏడాదిలో, ఎల్‌జీబీటీక్యూ విశ్వాసులు, వాళ్ల తల్లిదండ్రులు వెయ్యిమందికి పైగా సిలువ మోసుకుంటూ పేతురు మహాదేవాలయం పవిత్ర ద్వారం దాటారు. పిల్లల పక్కన నడిచిన ఆ తల్లిదండ్రులే నాకు ఎక్కువ గుర్తుండిపోయారు.

తల్లిదండ్రులంటే గుర్తొచ్చింది. బిడ్డ నోరు తెరిచి చెప్తే స్వస్థత కూటాలకు, మందులకు లాక్కెళ్లకండి. ఇలాంటి 'మార్పు చికిత్స' చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య మండలి 2022లోనే తేల్చింది. తొందరపడి పెళ్లి చేస్తే ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా పాడవుతుంది. మీకే దిక్కు తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం అది, తెలుగులో మాట్లాడతారు. పాపసంకీర్తనంలో చెప్పిన మాట ఫాదర్ నోట బయటికి రాదు, అక్కడైనా గుండె దించుకోవచ్చు.

చివరగా మన గురువులకు ఒక విన్నపం. పాస్కా కాలం మూడో వారం గురువారం అపొస్తలుల చర్యల నుంచి ఒక పఠనం వస్తుంది. ఇతియోపియా రాణి కొలువులో పనిచేసే నపుంసకుడు, మోషే ధర్మశాస్త్రం దేవుని సమాజంలోకి రానివ్వనన్నవాడు, దారిలో నీళ్లు కనిపించగానే తనకు స్నానమివ్వడానికి అడ్డేమిటని ఫిలిప్పును అడిగాడు. ఫిలిప్పు వెంటనే దిగి ఇచ్చాడు. ఫాదర్ గారూ, ఈ ఏడు ఆ రోజు ఆ పఠనం మీదే ప్రసంగం చెప్పండి. పక్కనే 2358వ పేరా కూడా చదవండి.