కొండవీటి చెరువుల చుట్టూ

ఇరవై ఏళ్లుగా శ్రీనాథుణ్ణి పాఠం చెబుతున్నానేగాని, ఆయన విద్యాధికారిగా వెలిగిన కొండవీడు ఎక్కలేదు. మా అమ్మాయి పోరు పడలేక, మొన్న పెదకూరపాడులో రైలెక్కి, గుంటూరులో దిగి, బస్సు పట్టాం.

కొండమీది ముత్యాలమ్మ, పుట్టలమ్మ, వెదుళ్ల చెరువులు మూడూ చుట్టిరావాలని దాని పట్టు. గట్టు దాటగానే దారి రాళ్లలో, ముళ్లకంపల్లో కలిసిపోయింది. సగం చుట్టేసరికి సీసాలో నీళ్లు నిండుకున్నాయి. నా మోకాలు మొరాయించింది. వెనక్కి మళ్లినా అంతే దూరం. పక్కనే చెరువు నిండా నీళ్లు, తాగే ధైర్యం లేదు!

“1515లో రాయలు ముట్టడించినప్పుడు కోటలోని గజపతి సైనికులు ఈ నీళ్లే తాగారా, నాన్నా?”

“తాగే ఉంటారమ్మా. కొండమీద వాననీరే గతి.”

ఇన్నేళ్ల పాఠంలో ఈ దాహం ఊసే ఎత్తలేదు నేను.

దాని భుజం పట్టుకుని, మసకచీకటివేళ బయల్దేరిన గట్టుకే చేరాను. గుంటూరు బస్సు వెళ్లిపోయిందట.