సగం జపం

నవంబరు నెల వచ్చిందంటే మృతులైన మన ఆత్మీయులను తలచుకొని వారి ఆత్మశాంతికి ప్రార్థించడం కతోలిక కుటుంబాలకు అలవాటు. ఈ నెల 2వ తేదీన సమాధుల పండుగనాడు మేము ఐదుగురం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం మా అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి చాలాసేపు నిలబడ్డాం. అప్పుడే అనుకున్నాం, అమ్మ మాకు నేర్పిన ఒక పాఠాన్ని నలుగురితో పంచుకోవాలని.

మాది గుంటూరు దగ్గర చిన్న పల్లె. అమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. విచారణ గుడిలోని జ్ఞానస్నాన రిజిస్టరులో మాత్రం 1924 అని ఉంది. గుణదల కొండమీద ఆర్లాటి ఫాదర్ గారు లూర్దుమాత స్వరూపాన్ని నిలిపింది కూడా 1924లోనే. అందుకే అమ్మ, “గుణదల మాతకూ నాకూ ఒకటే ఈడు” అని నవ్వేది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్ళకు మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళేది. సద్ది మూట, కొబ్బరికాయ, కొవ్వొత్తుల కట్ట, ఇవే ఆమె సామాను.

1968లో నాన్నగారు ప్రభువునందు నిద్రించేనాటికి మాలో చివరిదానికి ఆరేళ్ళు. ఉన్నది రెండెకరాల మెట్ట. అమ్మ మా పొలం పని చూసుకుంటూనే కూలికీ వెళ్ళేది. మిరప కోతల రోజుల్లో పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. మిరప ఘాటుకు వేళ్ళు మండుతుంటే మజ్జిగలో ముంచుకొని కూర్చునేది. ఆ చేతులతో జపమాల ముట్టుకుంటే పూసలకు కారం అంటుతుందని, కల్లంలో వేళ్ళ కణుపుల మీదే లెక్కపెట్టుకొనేది. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి గుడి కుండలో వేయడం ఒక్కపూట కూడా మానలేదు. మాకు గంజి మాత్రమే ఉన్న రోజుల్లో ఆ కుండ వంక ఆశగా చూసిన సంగతి మేము ఇప్పటికీ మరచిపోలేదు.

అమ్మకు చదువు రాదు. చిన్నప్పటి నుంచి విన్న లాటిను పూజలోని జవాబులు అర్థం తెలియకపోయినా తప్పు లేకుండా చెప్పేది. రెండవ వాటికన్ మహాసభ (1962–65) తరువాత పూజ తెలుగులోకి వచ్చినప్పుడు, “ఇన్నాళ్ళకు గుళ్ళో మన మాట వినపడింది” అని సంతోషంతో కన్నీళ్ళు పెట్టుకుంది.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. జపమాల కానిదే ఎవరికీ కంచం పెట్టదు. మంగళవార్త జపంలో దేవదూత పలికిన మాటలున్న మొదటి సగం అమ్మ చెప్పేది, తల్లిని వేడుకొనే రెండవ సగం మేమందరం చెప్పేవాళ్ళం. కునికిపాట్లు పడుతూ మేము ఆగిపోతే అమ్మ కూడా ఆగేది. మేము అందుకొనేదాకా తరువాతి పూస జరిపేది కాదు.

ఇక మేము సిగ్గుపడవలసిన సంగతి. 1993లో మాలోని మగవాళ్ళిద్దరూ పొలం పంచుకున్నారు. మూడు మూరల గట్టు దగ్గర మాట పెరిగింది. ఇంటి నడుమ గోడ లేచింది. ఒకే గుడికి పోయి, చెరొక పక్కన కూర్చొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిరిగి వచ్చేవాళ్ళు. ఆడపిల్లలం మేము మాత్రం తక్కువ తిన్నామా? పుట్టింటికి వచ్చినప్పుడు ఒక ఇంటి మాట ఇంకొక ఇంట్లో చెప్పి మంట ఎగదోశాం. విచారణ ఫాదర్ గారు వచ్చి మందలించినా లాభం లేకపోయింది.

అమ్మ ఎవరి పక్షమూ మాట్లాడలేదు. తన నులకమంచం తెచ్చి, గోడకు ముందు రెండు ఇళ్ళకూ ఉమ్మడిగా మిగిలిన అరుగు మీద వేయించుకుంది. సాయంత్రం అయ్యేసరికి అక్కడే కూర్చొని జపమాల మొదలుపెట్టేది. మొదటి సగం గట్టిగా చెప్పి ఆగేది. రెండు ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతుండేవి గాని జవాబు వచ్చేది కాదు. కాసేపు ఎదురుచూసి, తానే రెండవ సగం మెల్లగా చెప్పుకొని తరువాతి పూస పట్టుకొనేది. యాభై మూడు పూసలకూ అంతే. చూడలేక మాలో ఒకరం, “ఎందుకమ్మా ఈ యాతన? లోపల కూర్చొని ఒక్కదానివే చెప్పుకోరాదా?” అంటే, “సగం జపం ఆ తల్లి దగ్గరికి ఎట్లా పోతుందే? మిగతా సగం నా బిడ్డల దగ్గర ఉంది” అంది.

మొదట జవాబు చెప్పింది మనవలు. నాయనమ్మ పక్కన చేరాలని ఈ ఇంటి పిల్లలు, ఆ ఇంటి పిల్లలు అరుగెక్కారు. కొన్నాళ్ళకు కోడళ్ళిద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి గొంతు కలిపారు. మగవాళ్ళు మాత్రం మూడేళ్ళు బిగుసుకొనే ఉన్నారు. 1996 తపస్కాలంలో అమ్మకు జ్వరం తగిలింది. అయినా అరుగు మీదికి వచ్చింది. గొంతు పెగలక మొదటి సగం మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడు మా పెద్దవాడు లోపలి నుంచి వచ్చి మంచం పట్టె మీద కూర్చొని ఆ సగం పూర్తి చేశాడు. గోడ అవతలి నుంచి చిన్నవాడి గొంతు రెండవ సగం చెప్పింది. ఆ రాత్రి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది ఆ జపమాటలు మాత్రమే. గట్టు తగాదా తీరడానికి ఇంకా రెండు నెలలు పట్టింది. మ్రానికొమ్మల ఆదివారంనాడు మాత్రం ఇద్దరూ అమ్మను చెరొక చెయ్యి పట్టుకొని గుడికి నడిపించారు.

2002లో జాన్‌పాల్ పాపుగారు జపమాలలో వెలుగు దేవరహస్యాలు చేర్చినప్పుడు అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మనవరాలి చేత చదివించుకొని ఆ ఐదూ నోటికి నేర్చుకుంది. “పెద్దదాన్నయ్యానని గురువారంనాడు దేవుడి ముందు తప్పు చెప్పనా?” అనేది.

2008లో వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం స్వీకరించి, మా అందరి మధ్య కన్నుమూసింది. ఆఖరి గంటలో మేము మొదటి సగం చెబుతుంటే, రెండవ సగానికి ఆమె పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. మేము ఆగి, ఎదురుచూసి, తరువాతి పూస జరిపాం.

ఇప్పుడు మాలో కొందరం పల్లెలో, కొందరం హైదరాబాదులో ఉన్నాం. ఒక మనవడు అమెరికాలో ఉన్నాడు. నిజం చెప్పాలంటే, ప్రతి సాయంత్రం మా ఇళ్ళన్నిటిలో జపమాల జరగడం లేదు. పని ఒత్తిడి అంటాం, టీవీ ముందు మాత్రం కూర్చుంటాం. అయితే ఆదివారం రాత్రి అందరం ఫోనులో కలుసుకొని జపమాల చెప్పుకుంటున్నాం. ఆ ఇంటి గోడకు ఇప్పుడు ద్వారం ఉంది. అరుగు మీది నులకమంచాన్ని మేము తీయలేదు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లోనూ ఎవరో ఒక తల్లి సగం జపం చెప్పి మిగతా సగం కోసం ఆగి ఉందేమో, ఒక్కసారి చెవిపెట్టి వినండి. మేము జవాబు చెప్పడానికి మూడేళ్ళు తీసుకున్నాం. మీరు అంత ఆలస్యం చేయకండి. మా అమ్మ ఆత్మకు నిత్యవిశ్రాంతి కలగాలని మీ ప్రార్థనల్లో ఒక్క మంగళవార్త జపం చెప్పమని వేడుకుంటున్నాం.